ఆకుపచ్చ మూతలు

హెబ్బాళ దాటాక బంకులో
చన్నబసవ నా టైరు ముందు గొంతుక్కూర్చుని
నాటువైద్యుడిలా తట్టి చూశాడు.
"నైట్రోజన్ వేయించక్కా.
టైరు వేడెక్కదు, గాలి దిగదు,
ఎయిర్‌పోర్టు బళ్ళన్నిటికీ ఇదే."
టైరుకు యాభై. నాలుగింటికి రెండొందలు.
స్టెప్నీ సంగతి అతను అడగలేదు,
నేనూ ఎత్తలేదు.

నల్ల మూతలు నాలుగూ విప్పి జేబులో వేసుకుని
ఆకుపచ్చవి బిగించాడు.
ఆ పొద్దంతా నా పాత ఎతియోస్
కొత్త మెట్టెలు పెట్టుకున్న దానిలా
స్పీడ్ బ్రేకర్ల మీద వయ్యారంగా దిగింది.

కోగిలు క్రాస్‌లో పంక్చరంగడి బీరాన్‌కుట్టికి
మూతలు చూడగానే నవ్వాగలేదు.
"నా కంప్రెసర్ గాలిలో వందకు డెబ్బై ఎనిమిది పాళ్ళు
ఆ నైట్రోజనే కదా చేచీ.
తక్కినవి తీసేసినందుకా రెండొందలు?"
ఆయన కొట్టే గాలికి డబ్బుల్లేవు,
టీ తాగించాలి,
అల్లుడి మీద ఫిర్యాదులు వినాలి.

డబ్బు గాలికి పోయిందంటారే,
నాది రసీదుతో సహా పోయింది.

కదిరిలో ఎనిమిదో తరగతప్పుడు
సైన్సు అయ్యవారు నూరుల్లా సారు
వేరుశెనగ మొక్క పెరికి, మన్ను దులిపి,
వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూపించాడు.
లోపల లేత గులాబి.
"నత్రజని. గాలిలోంచి పట్టుకుంటుంది ఇది,
ఊరికే."
మేము తలలూపి, పచ్చికాయలు వలుచుకు తిన్నాం.
ఆ ఊరికే అన్న మాట
ఇన్నేళ్ళకు, బంకులో బిల్లు చూశాక అర్థమైంది.

విమానాల టైర్లకూ ఇదే కొడతారట.
సరే, అవి నీళ్ళు గడ్డకట్టే ఆకాశంలోంచి
ఒక్క ఉదుటున కాంక్రీటు మీద పడతాయి.
నేను పడేది ఎక్కడ?
నాగవార సిగ్నల్లో, నలభై నిమిషాలు.
అక్కడ టైర్లు వేడెక్కవు,
నేనెక్కుతాను.

అయినా ఒక సంగతి దాచకూడదు.
రెండొందలు పెట్టాను కదా అని
పదిహేను రోజులకోసారి వెళ్ళి కొలత చూపించుకున్నాను.
ముప్పై మూడు. ముప్పై మూడు. ముప్పై రెండున్నర.
అంతకుముందు ఎప్పుడు చూశానో గుర్తులేదు,
టైర్లలో గాలిని
గాలికే వదిలేశాను.
ఇప్పుడు లీటరుకు ఓ కిలోమీటరు ఎక్కువొస్తోంది.
అది ఆ వాయువు గుణమో,
పెట్టిన డబ్బు కక్కించుకోవాలన్న నా పిసినారి బుద్ధో
తేల్చి చెప్పే మీటరు యాడా లేదు.

మొన్న తెల్లవారుజామున మూడింటికి
వెనక ఎడమ టైరులో మేకు.
సీట్లో దోహా వెళ్ళే పిల్లోడు
గడియారాన్ని కళ్ళతోనే వెనక్కి నెడుతున్నాడు.
బీరాన్‌కుట్టి లుంగీ ఎగ్గట్టుకుంటూ లేచి
మేకు పీకి, బెజ్జం పూడ్చి, మామూలు గాలి కొట్టాడు.
ఆకుపచ్చ మూత దొర్లి మోరీలో పడింది.
వెతికే టైము లేదు. నల్లది బిగించాడు.
ఫ్లైటు అందింది.
మూడు కాళ్ళలో కొన్న గాలి, ఒక కాల్లో లోకం గాలి,
బండికి తేడా తెలిసినట్టు లేదు.

ఈ పొద్దు చన్నబసవ ఆ నల్ల మూత వంక
చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.
నాలుగూ కొలిచాడు. సరిగ్గానే ఉన్నాయి.
"స్టెప్నీ?" అన్నాను.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
డిక్కీ తెరిచి, గొడుగూ, నీళ్ళ క్యానూ, ఎవరో మర్చిపోయిన స్వెట్టరూ తీసి,
మ్యాటు ఎత్తి కొలిస్తే
పదకొండు.

"ఏం కొట్టమంటావక్కా?"

ఏదో ఒకటి.
ముందు కొట్టు నాయనా.